డూప్ ఉంటే హీరో కాడా? తెరమీది మొరటుదనం వెనుక లెక్కలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో, కిందటి సంక్రాంతి సెలవుల్లో, మా మేనల్లుడు ఫోనులో ఒక చిన్న వీడియో చూపించాడు. ఆకుపచ్చ గుడ్డ కట్టిన గోడ ముందు ఒక నటుడు నడుముకు పట్టీ బిగించుకుని, రెండు తాళ్ళకు వేలాడుతూ, ఎవరో లాగితే పైకి లేస్తున్నాడు, ఎవరో వదిలితే కిందికి దిగుతున్నాడు. పక్కనే అదే రంగు చొక్కా, అదే రకం జుట్టు పెట్టుకున్న మరో మనిషి తన వంతు కోసం నీళ్ళు తాగుతూ నిలబడి ఉన్నాడు. వీడియో అయిపోయాక వాడు ఒక్కటే ప్రశ్న అడిగాడు: "అయితే ఇన్నాళ్ళూ నువ్వు చప్పట్లు కొట్టింది ఎవరికి మావయ్యా?"

వాడు వెక్కిరించడానికి అడగలేదు. వాడు పెరిగిన తీరు వేరు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే తెలుగు సినిమా తెలుగులోనే దొరుకుతుంది. ఇవతలి ఒడ్డున, ఒడియా బడిలో వాడితో చదువుకున్న పిల్లలు అదే సినిమాను టీవీలో హిందీ డబ్బింగులో చూస్తారు. ఒకే హీరోను రెండు గొంతులతో విని పెరిగిన పిల్లవాడికి, తెరమీద కనిపించే మనిషిలో అసలు ఎంత, అతికినది ఎంత అన్న అనుమానం మనకన్నా ముందే పుడుతుంది. పైగా ఇప్పుడు ఆ అనుమానానికి వార్తల బలం కూడా తోడయింది. స్టంటు రూపకల్పనకు ప్రత్యేకంగా ఆస్కార్ ఇస్తామని అమెరికా అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో విడుదలయ్యే చిత్రాలకు, 2028లో జరిగే నూరవ వేడుకలో అది మొదలవుతుంది. ఆ ప్రకటనతో విడుదల చేసిన చిత్రపటంలో మన 'ఆర్ఆర్ఆర్' దృశ్యం ఉండడంతో తెలుగువాళ్ళ మధ్య చర్చ ఇంకా వేడెక్కింది. ఈ ఘనత హీరోదా, ఫైట్ మాస్టరుదా, తెర వెనుక పడి లేచే పేరు తెలియని మనిషిదా?

మొరటు పాత్రల నటుల మీద, అందులోనూ శ్రీహరి మీద, నాకు ముప్పై ఏళ్ళ అభిమానం ఉంది. ఆ అభిమానాన్ని పక్కన పెట్టకుండానే ఈ చిక్కుముడిని విప్పడానికి ప్రయత్నిస్తాను.

స్టంటు, ఫైటు, డూపు: ముందు మాటలు విడదీయాలి

శరీరానికి దెబ్బ తగిలే అవకాశమున్న పనిని కెమెరా కోసం, ముందుగా లెక్క వేసుకుని చేస్తే అది స్టంటు. కారు పల్టీ కొట్టడం, మేడమీదినుంచి పడడం, మంటల్లోంచి పరుగెత్తడం, గుర్రం మీదినుంచి జారడం అన్నీ ఇందులోకి వస్తాయి. ఫైటు అందులో ఒక భాగం మాత్రమే: ఇద్దరు లేదా ఎక్కువ మంది మధ్య, నాట్యంలాగా అడుగులు, లెక్కలు కట్టి కూర్చిన కొట్లాట. దాన్ని కూర్చేవాడు ఫైట్ మాస్టరు. హీరో చేతిలో దెబ్బలు తిని ఎగిరిపడేవాళ్ళు ఫైటర్లు. హీరో బదులు, హీరోలా కనిపిస్తూ, ప్రమాదమున్న ముక్కను చేసేవాడు డూపు.

డూపులోనూ రకాలున్నాయి. ప్రమాదం కోసం పెట్టుకునే డూపు ఒకరు. హీరో మరో షూటింగులో ఉన్నప్పుడు వీపు మాత్రమే కనిపించే షాట్లకు నిలబెట్టే మనిషి మరొకరు. డూపు చేసిన పనిమీద హీరో ముఖాన్ని కంప్యూటరులో అతికించే పద్ధతి ఈ మధ్య వచ్చింది. అందువల్ల "మా హీరో డూపు లేకుండా చేశాడు" అన్న మాటకు ఒకే అర్థం ఉండదు. హీరో పదడుగుల గోడమీదినుంచి దూకే ఒక్క షాటు తీసుకుందాం. నడుముకు తాడు కట్టుకుని తానే దూకాడనుకుంటే డూపు లేనట్టే. తాడును తరువాత గ్రాఫిక్సులో చెరిపేస్తారు. తాడు లేకుండా కింద పరుపు వేసుకుని దూకాడనుకున్నా డూపు లేనట్టే. గోడమీద నిలబడి దూకబోయేదాకా తాను చేసి, గాలిలో ఉన్న ముక్క మరొకరు చేసి, నేలమీద మోకాలు ఆన్చి లేచే ముక్క మళ్ళీ తానే చేశాడనుకుంటే, సినిమా ప్రచారంలో దాన్ని కూడా అదే మాటతో చెప్పవచ్చు. టీ కొట్ల దగ్గర జరిగే వాదనల్లో సగానికి సగం ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే.

తగలని దెబ్బ తగిలినట్టు ఎలా కనిపిస్తుంది

తెరకు లోతు లేదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఫైటు సగం అర్థమవుతుంది. కొట్టేవాడి పిడికిలి తినేవాడి ముఖానికి జానెడు దూరంలో పోతుంది. కెమెరాను తినేవాడి భుజం వెనుకనో, కొట్టేవాడి భుజం వెనుకనో పెడితే ఆ జానెడు ఖాళీ కెమెరా చూపు గీత మీదనే పడి మాయమవుతుంది. అదే కెమెరాను పక్కకు తెచ్చి ఇద్దరినీ అడ్డంగా చూపిస్తే ఆ ఖాళీ చిన్నపిల్లలకు కూడా కనిపిస్తుంది. మిగిలిన పని తినేవాడిది. పిడికిలి తన ముక్కు ఎదురుగా వచ్చిన క్షణానికే తల తిరగాలి. రెప్పపాటు ముందు తిరిగితే భయపడినట్టు, రెప్పపాటు ఆలస్యమైతే నిద్రలో ఉన్నట్టు కనిపిస్తుంది. చప్పుడు తరువాత చేరుస్తారు. చప్పుడు లేకుండా ఏ ఫైటునైనా చూడండి, మా వాడికి నేను అదే చూపించాను: ఎంత గొప్ప ఫైటైనా కోలాటంలా కనిపిస్తుంది.

ఇక వేగం సంగతి. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పది సెకన్లు పట్టే ఒక ఫైటు ముక్కను సెకనుకు 22 బొమ్మల చొప్పున తీస్తే మొత్తం 220 బొమ్మలు వస్తాయి. వాటిని 24 చొప్పున చూపిస్తే ఆ ముక్క 9.2 సెకన్లలో అయిపోతుంది. తేడా కంటికి తెలియదు, కానీ దెబ్బకు చురుకు వస్తుంది. అదే ముక్కను సెకనుకు 96 చొప్పున తీసి చూపిస్తే 40 సెకన్లు సాగుతుంది. చొక్కా మడత ఎగరడం, దుమ్ము లేవడం, దవడ కదలడం కనిపిస్తాయి. పాత సినిమాల్లో కొందరు హీరోలు మరీ చకచకా కదిలే బొమ్మల్లా అనిపించడానికి ఈ మొదటి పద్ధతిని మోతాదు మించి వాడడమే కారణం.

కోత, అంటే ఎడిటింగు, కూడా లెక్కలోకి రావాలి. ఒక నిమిషం ఫైటులో ఒక్కో షాటు రెండు సెకన్లు ఉంటుందనుకుందాం, ముప్పై షాట్లు. అందులో పదిహేనింటిలో హీరో ముఖం, ఆరింటిలో వీపు, తొమ్మిదింటిలో దెబ్బ తిన్నవాళ్ళు, చూస్తున్నవాళ్ళు ఉంటారనుకుంటే, హీరో ముఖం కనిపించేది సగం సమయమే. అయినా ఇంటికి వచ్చాక మనకు నిమిషమంతా హీరోయే కొట్టినట్టు గుర్తుంటుంది.

పడడంలోని లెక్క

కొట్టడాన్ని ఇలా కూర్చవచ్చు. పడడాన్ని అంత తేలికగా కూర్చలేరు. భూమి ఆకర్షణకు కెమెరా కోణంతో పని లేదు.

ఆరు మీటర్ల ఎత్తు, అంటే మామూలు రెండంతస్తుల డాబా. అక్కడినుంచి పడిన మనిషి సుమారు 1.1 సెకనులో నేలకు చేరతాడు. చేరే వేళకు అతని వేగం గంటకు 39 కిలోమీటర్లు. ప్రాణం నిలిచేదీ పోయేదీ వేగంలో లేదు, ఆ వేగం ఎంత దూరంలో ఆగిందన్న దానిలో ఉంది. గట్టి నేలమీద శరీరం అయిదు సెంటీమీటర్లలో ఆగిపోతుందనుకుంటే, ఆగే ఒత్తిడి గురుత్వాకర్షణకు 120 రెట్లు. అదే మనిషి మీటరు లోతు కుంగే ఖాళీ అట్టపెట్టెల దొంతర మీద పడితే అది 6 రెట్లకు తగ్గిపోతుంది. లెక్క చాలా చిన్నది: పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించడమే. స్టంటు మనుషులు ఖాళీ అట్టపెట్టెలు, పరుపులు, ఇప్పుడు గాలి నింపిన పెద్ద దిండ్లు వాడడం వెనుక ఉన్నది ఇదే భాగహారం. అయితే పెట్టెలమీద వీపు పరుచుకుని పడాలి. కాళ్ళు ముందు దిగితే మోకాళ్ళు, తల ముందు దిగితే మెడ పోతాయి. ఒకటిన్నర సెకను కూడా పట్టని ప్రయాణంలో గాలిలో శరీరాన్ని తిప్పుకుని వీపును కిందికి తేవడం జిమ్నాస్టిక్సు వచ్చినవాడు మాత్రమే నమ్మకంగా చేయగలడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, శ్రీహరి దగ్గర మళ్ళీ అవసరపడుతుంది.

కోడి రామమూర్తి కొలబద్దతో సినిమాను కొలవవచ్చా

మా ప్రాంతంలో బలం అన్న మాట ఎత్తగానే పెద్దలు సినిమా హీరోల పేర్లు చెప్పరు, కోడి రామమూర్తి నాయుడి పేరు చెబుతారు. ఇక్కడికి దగ్గరలోని వీరఘట్టంలో పుట్టి, సర్కస్ కంపెనీ పెట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న ఆ మల్లుడు 1942లో ఒడిశాలోని బలంగీరులో కన్నుమూశాడు. పుట్టుక అటు, పోక ఇటు. సరిహద్దుకు రెండు వైపులవాళ్ళమూ మావాడే అనుకునే మనిషి. ఛాతీమీద ఏనుగును ఎక్కించుకున్నాడని, ఊపిరి బిగబట్టి ఉక్కు గొలుసు తెంచాడని, కదిలే మోటారు కార్లను పట్టి ఆపాడని మా తాతల తరం కళ్ళు పెద్దవి చేసి చెప్పేది.

సర్కసు డేరాలో జనం నాలుగు వైపులా కూర్చుంటారు. కెమెరా కోణం లేదు, కోత లేదు, రెండో టేకు లేదు. అక్కడ మెచ్చుకోలుకు ఆధారం ఒక్కటే: చేశాడా, లేదా. డూపు మాట విని మనసు చిన్నబుచ్చుకునే ప్రేక్షకుడు తెలియకుండానే ఈ సర్కసు కొలబద్దను సినిమాహాలులోకి తెచ్చుకుంటున్నాడని నాకు అనిపిస్తుంది. ఆ కొలబద్ద తప్పు కాదు, కానీ అది కొలిచేది వేరే వస్తువును.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో పులి వేషాలు చూసినవాళ్ళకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఒంటికి పసుపు, నలుపు చారలు పూసుకున్న మనిషి పులి కాడని పక్కనే నిలబడిన పసివాడికీ తెలుసు. అయినా వేషగాడు నడుము కిందికి దించి, అడుగు బరువుగా వేసి, తల ఒక్కసారి పక్కకు తిప్పగానే ముందు వరుసలోనివాళ్ళు వెనక్కి జరుగుతారు. నాకు ఎదురుగా ఒక వేషగాడు డప్పు ఆగిన క్షణంలో కదలకుండా నిలబడిపోయాడు. పిక్కలు మాత్రం వణుకుతున్నాయి, చారల రంగు చెమటకు కరిగి మోకాళ్ళదాకా జారింది. గెంతినంతసేపు చప్పట్లు కొట్టిన జనం అప్పుడు చప్పుడు లేకుండా ఉండిపోయారు. బరువును నటించడం అంటే అదే. సర్కసులో బరువును మోస్తారు. వేషంలో, సినిమాలో, బరువు ఉన్నట్టు చూపించి నమ్మిస్తారు.

శ్రీహరి: పడడం తెలిసిన మనిషి నిలబడిన తీరు

ఈ రెండు కొలబద్దలకూ నిలిచిన నటుడు కాబట్టే శ్రీహరి గురించి ఇంతగా చెప్పాలనిపిస్తుంది. 1964 ఆగస్టు 15న పుట్టి, హైదరాబాదు బాలానగర్‌లో పెరిగి, జిమ్నాస్టిక్సు నేర్చి, 1980ల్లో సినిమాల్లోకి ఫైటరుగా అడుగుపెట్టాడు. అంటే ఆయన మొదటి ఉద్యోగం ఇతర హీరోల చేతుల్లో దెబ్బలు తినడం. తరువాత పదేళ్ళకు పైగా ప్రతినాయకుడి పక్కన నిలబడే మనిషిగా, ప్రతినాయకుడిగా, పోలీసుగా చిన్నా పెద్దా పాత్రలు వేశాడు. 1999లో 'పోలీస్' చిత్రంతో హీరో అయ్యాడు. అభిమానులు రియల్ స్టార్ అని పిలుచుకున్నది ఆ దశలోనే. ఎన్.శంకర్ దర్శకత్వంలో 2001లో వచ్చిన 'భద్రాచలం' తైక్వాండో నేర్చుకునే పల్లెటూరి మనిషి కథ. పోరాటాన్నే కథావస్తువుగా చేసుకున్న తెలుగు సినిమాలు అప్పటికి చాలా తక్కువ.

అప్పట్లో ఆ బొమ్మ చూడడానికి మేము పాతపట్నం వైపు సైకిళ్ళమీద వెళ్ళాము. అందులోని ఎగిరి తన్నే విద్యను ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం వేరే సంగతి అంటుకుంది: దెబ్బ తిన్నప్పుడు ఆయన శరీరం ఆ దెబ్బను దాచుకోదు. చాలామంది హీరోలు దెబ్బ తగిలితే తల మాత్రమే తిప్పుతారు, కాళ్ళు నేలకు అతికినట్టే ఉంటాయి. శ్రీహరికి తగిలిన దెబ్బ మెడనుంచి భుజానికి, భుజంనుంచి నడుముకు దిగి, చివరికి ఒక కాలు సర్దుకోవడంతో ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఎదుటివాడి దెబ్బకు విలువ తేవడమే పనిగా బతికిన ఫైటరుకు తప్ప ఆ గొలుసు కుదరదు. తాను హీరో అయ్యాక కూడా ఎదుటివాడు బలవంతుడని చూపించడానికి ఆయన సంకోచించలేదు. ఎదుటివాడు గట్టివాడైతేనే వాణ్ణి పడగొట్టినవాడికి విలువ.

హీరోగా ఆయన సినిమాలన్నీ సమానంగా ఉంటాయని నేను చెప్పను. కొన్నిటిలో కథ బలహీనం, కొన్నిటిలో అరుపులు ఎక్కువ. అసలు శ్రీహరి పూర్తిగా కనిపించింది ఆయన హీరో వేషం పక్కన పెట్టాకనే. 2007లో వచ్చిన 'ఢీ' నవ్వుల సినిమా. దాన్నిండా అబద్ధాలు ఆడేవాళ్ళు, తప్పించుకునేవాళ్ళు, వణికేవాళ్ళు. ఆ గందరగోళం మధ్య శంకర్ గౌడ్ అనే దాదాగా ఆయన ఒక్కసారీ జోకు వేసే మనిషిలా ప్రవర్తించడు. ఆయన కోపం నిజమని మనం నమ్మితేనే చుట్టూ ఉన్నవాళ్ళ భయం నవ్విస్తుంది. నవ్వుల సినిమాలో నవ్వని మనిషిగా నిలబడడం ఎంత కష్టమో నాటకాలు ఆడినవాళ్ళకు తెలుసు.

'మగధీర'లో, 2009లో, షేర్ ఖాన్ పాత్ర ఇంకా సూక్ష్మమైనది. కథానాయకుడు కాలభైరవుడు వందమంది సైనికులతో ఒంటరిగా తలపడే ఘట్టంలో కెమెరా పదే పదే షేర్ ఖాన్ ముఖానికి వస్తుంది. మొదట ధీమా, తరువాత ఆశ్చర్యం, ఆపైన శత్రువు మీదనే పుట్టిన గౌరవం. ఆ ముఖం లేకపోతే ఆ పోరు లెక్క మాత్రమే, వంద అన్న అంకె మాత్రమే. మొరటువాడు మెచ్చుకున్నాడు కాబట్టి మనం నమ్మాము. మా వాడు అడిగిన చప్పట్ల ప్రశ్నకు మొదటి జవాబు నాకు ఇక్కడ దొరికింది: అక్కడ మనం చప్పట్లు కొట్టింది రామ్ చరణ్ కత్తికీ, కత్తి తిప్పడం కూర్చినవారికీ, పడిపోయిన ఫైటర్లకూ, ఏమీ చేయకుండా చూస్తూ నిలబడిన శ్రీహరికీ కలిపి.

ఒకే అన్న పాత్ర, వేరువేరు శరీరాలు

మొరటుదనం రాతలో ఉంటుందా, మనిషిలో ఉంటుందా అన్న ప్రశ్నకు మంచి ఉదాహరణ 2005 సంక్రాంతికి వచ్చిన 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'. దర్శకుడిగా ప్రభుదేవాకు అదే మొదటి చిత్రం. అది తరువాత ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. మా ఒడియా మిత్రులు దాన్ని 2009లో 'సునా చఢేయి మో రూపా చఢేయి' అన్న పేరుతో చూశారు. తమిళంలో అన్న పాత్రను ప్రభు, హిందీలో సోనూ సూద్ వేశారు.

కథలో అన్న చేసే పని తక్కువ. చెల్లెల్ని ప్రేమించానంటూ పట్నంనుంచి వచ్చిన కుర్రాడికి పందెం పెడతాడు: నాకన్నా ఎక్కువ పంట పండించి చూపించు. మిగిలిన కథంతా కుర్రాడు పేడ ఎత్తడం, మడి దున్నడం, తిండి సరిగా లేక నీరసపడడం. ప్రభు వేసినప్పుడు అందులో ఊరి పెద్దమనిషి నిండుదనం వచ్చింది. సోనూ సూద్ వేసినప్పుడు వ్యాయామశాలలో చెక్కిన కండలు కనిపించాయి. ఇద్దరూ మంచి నటులే. కానీ శ్రీహరి వేసిన శివరామకృష్ణను చూస్తే, ఈ మనిషి చేతులు నాగలి పట్టి ఇలా అయ్యాయి అనిపిస్తుంది. భుజాలు వెడల్పు, నడక నెమ్మది, చెల్లెలి ఎదుట మాత్రం గొంతు సగానికి తగ్గిపోతుంది. చివరికి తాను చేయని హత్యను నెత్తిన వేసుకుని జైలుకు వెళ్ళేటప్పుడు ఆ మనిషి కండలకు పని లేదు, ఒక్క దెబ్బ కొట్టే అవసరమూ లేదు. అయినా నాకు తెలిసినంతలో ఆయన జీవితంలో అత్యంత బలమైన దృశ్యం అదే.

ఈ పోలికకు ఎదురు వాదం కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఏ భాషవాళ్ళకు ఆ భాషలో మొదట చూసిన అన్నే అన్న. నాకు శ్రీహరి నిజమైన రైతులా అనిపించడంలో నా తెలుగు చెవికీ, నా ఊరి జ్ఞాపకాలకూ వాటా ఉంది. మా పక్కింటి ఒడియా మిత్రుడు ఒడియా బొమ్మను చూసి ఏడ్చిన ఏడుపు నాకన్నా తక్కువ కాదు.

గొంతు ఎవరిది

శరీరాన్ని అరువు తెచ్చుకుంటే తప్పు అనుకునేవాళ్ళం గొంతును అరువు తెచ్చుకుంటే పట్టించుకోకపోవడం విచిత్రం. 'అంకుశం'లో రాజశేఖర్ చూపించిన కోపం తెలుగు తెరమీద పోలీసు పాత్రకే ఒక అచ్చు పోసింది. ఆ కళ్ళు, ఆ దవడ బిగింపు ఆయనవి; గొంతు సాయికుమార్‌ది. చాలా ఏళ్ళు ఆ ఇద్దరూ కలిసి ఒక హీరో. తరువాత 1996లో కన్నడ 'పోలీస్ స్టోరీ'లో సాయికుమార్ తానే ఖాకీ చొక్కా వేసుకున్నప్పుడు, తెలుగు డబ్బింగులో అదే గొంతు మరో ముఖంలోంచి వచ్చింది. జనం దాన్నీ నెత్తిన పెట్టుకున్నారు. ఆ బొమ్మకు దర్శకుడు థ్రిల్లర్ మంజు ఒక స్టంట్ మాస్టరు కావడం కూడా మన చర్చకు పనికొచ్చే సంగతే.

సరిహద్దులో ఈ ప్రశ్న ఇంకా పదునుగా తగులుతుంది. ఇక్కడి ఒడియా పిల్లలకు తెలుగు హీరో అంటే హిందీ మాట్లాడే మనిషి. తెలుగులో నెమ్మదిగా, పళ్ళ బిగువున అన్న మాటను హిందీలో పెదవుల కదలికకు సరిపెట్టడానికి సాగదీసి, పైన ఒక గర్జన చేరుస్తారు. మా వాడి స్నేహితుడొకడు ఒక హీరోను "ఎప్పుడూ అరుస్తాడు" అంటే మా వాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ, విన్నది వేరువేరు మనుషులను. శ్రీహరి గొంతులో సహజంగా ఉండే తెలంగాణ యాస డబ్బింగులో పూర్తిగా పోతుంది. యాస పోతే ఊరు పోతుంది, ఊరు పోతే మొరటుదనం ఉత్త బలంగా మిగులుతుంది.

నటుడే దూకాలా, వద్దా

నటుడే చేయాలనేవారి వాదం ఇది: ముఖం కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది, కెమెరా దాక్కోనక్కరలేదు, నిజమైన శ్రమ శ్వాసలో తెలుస్తుంది. మలయాళ నటుడు జయన్‌ను అభిమానులు నేటికీ ఆరాధించడానికి ఆ తెగువ ఒక కారణం. ఆ తెగువే 1980 నవంబరు 16న ఆయన ప్రాణం తీసింది. మద్రాసు దగ్గరి షోలవరంలో 'కోళిలక్కం' షూటింగులో హెలికాప్టరుకు వేలాడే ఘట్టం చేస్తూ మరణించాడు.

వద్దనేవారు చెప్పేది వేరు. ఒక నటుడికి కాలు విరిగితే వందలమంది పని ఆగిపోతుంది. ప్రమాదమున్న పని చేయడం ఒక విద్య, ఆ విద్య వచ్చినవాడే చేయాలి. ఈ వాదం కూడా ఒక దగ్గర తడబడుతుంది. ప్రమాదాన్ని హీరోనుంచి తీసి పక్కవాడికి ఇస్తే అది తగ్గదు, చేతులు మారుతుంది. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ సినిమా కోసం హీరో, ఇద్దరు ప్రతినాయక పాత్రధారులు హెలికాప్టరునుంచి నీళ్ళలోకి దూకారు. హీరోను ఒడ్డుకు చేర్చగలిగారు. మిగిలిన ఇద్దరూ మునిగిపోయారు.

నా మొగ్గు విద్య వచ్చినవాడి వైపు, కానీ ఒక షరతుతో: వాడికి పేరు, రక్షణ, డబ్బు మూడూ అందాలి. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో స్టంటు కూర్పుకు మొదటిసారి గుర్తింపు దొరికింది 2016 చిత్రాలకు. 'పులిమురుగన్'కు పీటర్ హెయిన్ అందుకున్నారు. అంతకు ముందు దశాబ్దాల తరబడి గుర్రాలమీదినుంచి, మేడలమీదినుంచి పడినవాళ్ళ పేర్లు మనలో ఎవరికీ తెలియవు. శ్రీహరి తానే ఆ గుంపులోంచి వచ్చినవాడు, వాళ్ళలో ముఖం దక్కిన కొద్దిమందిలో ఒకడు. 2013 అక్టోబరు 9న ముంబైలో, ఒక హిందీ చిత్రం పనిమీద ఉండగా, 49 ఏళ్ళకే వెళ్ళిపోయాడు.

సెలవులు అయిపోయే ముందురోజు రాత్రి మా వాడూ నేనూ 'భద్రాచలం' మళ్ళీ పెట్టుకున్నాము. ఒక ఫైటు మధ్యలో వాడు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపాడు. హీరోను చూడడానికి కాదు. తెర ఎడమ అంచున, దెబ్బ తగిలి పడుతున్న ఒక ఫైటరు, నేలను తాకబోయే ముందు గాలిలోనే వీపు తిప్పుకుంటున్నాడు. "చూశావా మావయ్యా, వీపు కిందికి తెచ్చుకున్నాడు" అన్నాడు. ఆ మనిషి పేరు కోసం చివరి అక్షరాలదాకా కూర్చున్నాము.